అరవై రెండు రూపాయల సజ్జ కట్ట

గిద్దలూరు
12–4–1958

తమ్ముడు కరుణాకరానికి,

ప్రభువు నిన్నూ మరదలు విజయమ్మనూ చల్లగా చూడాలి. ఈ ఒక్క మాట నాయన నేర్పిన మర్యాద కోసం రాశాను. మిగతాదంతా కోపమే, కూర్చుని చదువు.

మొన్న కంభంలో సంఘాల సభలకు పోతే మీ ఊరి పాస్టరు అయ్యగారు సంజీవరావుగారు కనబడి, "ఏమ్మా పంతులమ్మా, మీ చేను ఆదెయ్యకు కాగితం రాసిచ్చినారంట గదా" అన్నారు. పక్కన నలుగురు టీచర్లు ఉన్నారు. నాకు తెలిసినట్టే తల ఊపి బయటపడ్డాను. నాయన చేను సంగతి నాకు పరాయివాళ్లు చెప్పాల్సి వచ్చిందా? సొంత తమ్ముడివి, ఒక కార్డు ముక్క రాయడానికి చేతులు రాలేదా?

నాయన పద్నాలుగేళ్లు రైలుకట్ట మీద కంకర కొట్టి ఆ ఎకరం పాతిక కొన్నాడు. మన పాలెంలో సొంత పట్టా చేతికొచ్చిన మొదటి మనిషి ఆయన. ఆ చేలో రాళ్లు ఏరింది నువ్వు కాదు, నేను. నువ్వప్పుడు అమ్మ చంకలో ఉన్నావు.

బావి లోతు చేయిస్తానని ఆదెయ్య దగ్గర మూడువందలు తెచ్చావట. బావికి అయింది నూట డెబ్భై. మిగతాది ఏమైందో నిన్ను అడగక్కర్లేదు, తరువాత విడిగా అయ్యగారే చెప్పారు. పాత సైకిలు ఒకటి, విజయమ్మకు పట్టుచీర, నీకు తోలు బూట్లు, క్రిస్మస్‌కు పాలెం మొత్తానికి మిఠాయి. కనబడిందల్లా కొనడమే నీకు పండగ. వచ్చే మార్చి ముప్పయ్యొకటో తేదీకి వడ్డీతో కలిపి మూడువందల అరవై కట్టకపోతే చేను ఆదెయ్యదే అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టావు. అందులో ఇప్పుడు నీళ్లు పడిన బావి కూడా ఉంది. ఆదెయ్యకు నోరూరుతుందంటే ఊరదా?

ఇక నా మాట. నెలకు పదిహేను రూపాయలు నేను పంపుతాను. పదిహేను నువ్వు తియ్యాలి. రెండూ విజయమ్మ పెట్టెలో ఉండాలి, తాళం ఆమె దగ్గర ఉండాలి. పన్నెండు నెలలకు సరిగ్గా సరిపోతుంది, ఒక్క రూపాయి మిగలదు. అందుకని, రూపాయి దాటిన వస్తువు ఏది కొనాలన్నా ముందు నాకు కార్డు రాయి. నా జవాబు వచ్చేదాకా కొనకు. ఇష్టం లేకపోతే చెప్పు, నా పదిహేను నా దగ్గరే ఉంటాయి.

దీనమ్మ

*

పెద్దారవీడు
20–4–58

పంతులమ్మ అక్కకు నమస్కారం.

నీ జాబు అందింది. నువ్వు నెల్లూరులో ట్రైనింగు అయినదానివి, బడిలో పిల్లకాయలను గోడ కుర్చీ వేయించే అలవాటు ఉన్నదానివి. నాకు ముప్పై రెండేళ్లు. పలకల గనిలో పన్నెండుమంది నా చేతికింద పని చేస్తారు. వాళ్లలో ఒక్కడూ నన్ను ఇట్ల మాట్లాడలేదు.

కాగితం సంగతి నీకు రాయలేదంటే ఎందుకు రాయలేదో ఈ జాబు చూస్తేనే తెలుస్తుంది. ఇట్ల అంటావనే రాయలేదు. పట్టుచీర అంటివి. విజయమ్మ పెండ్లయి ఆరేండ్లు చిరుగుల చీరతో గుడికి పోయింది, అది నీకు కనపడలేదు. మిఠాయి అంటివి. నాయన పోయిన ఏడు మనకు నెల దినాలు గంజి పోసింది ఈ పాలెమే.

అయినా సరే, ఒప్పుకుంటున్నాను. నీకు భయపడి కాదు. "ఆయమ్మ పదిహేను ఇస్తానంటే కాదంటావా, నీకేమన్నా పిచ్చా" అని విజయమ్మ రెండు దినాలు నాతో మాట్లాడలేదు.

ఒక్కటి మాత్రం చెప్పు. ఇవన్నీ కార్డు మీద రాయమంటావేంది? టపా తెచ్చేవాడు పొలిమేర నుంచి మా ఇల్లు చేరేలోపల కార్డు మొత్తం చదివేస్తాడు. కవర్లో రాస్తే నీ సొమ్మేం పోయింది?

సరే, మొదలుపెడుతున్నాను. గొడుగు కావాలి. మూడు రూపాయల పావలా. వానాకాలం వస్తుంది. జవాబు రాయి.

కరుణాకరం

*

గిద్దలూరు
27–4–58

తమ్ముడికి,

కార్డు ఐదు కొత్త పైసలు. కవరుకు దానికి మూడింతలు. టపావాడు చదువుతాడని సిగ్గుపడేవాడివి ఆ సిగ్గు సంతలో పడి ఉండాల్సింది.

గొడుగు వద్దు. ఏప్రిల్లో వాన ఎక్కడుంది? నాయన గోనెసంచి మడిచి నెత్తిన వేసుకుని పనికి పోయాడు. అదే చెయ్యి.

దీనమ్మ

*

పెద్దారవీడు
3–8–58

అక్కకు,

నాలుగు నెలల్లో నేను అడిగినవి, నువ్వు వద్దన్నవి రాస్తున్నాను, నీకు సంతోషంగా ఉంటుంది. గొడుగు. టార్చిలైటు. అద్దాల బీరువా (అది ఊరికే అడిగినాను, నిన్ను ఉడికించడానికి). విజయమ్మకు గాజుల జత. ఆ గాజులు కూడా వద్దన్నావు చూడు, అప్పుడు అనుకున్నాను నీకు గుండె ఉన్నచోట పలక ఉందని.

మార్కాపురం సంతకు పోతున్నాను, ఉప్పు మిరపకాయలు కొని వస్తున్నాను. ఇత్తడి దుకాణం ముందర తల వంచుకొని నడుస్తున్నాను. దుకాణం సాయిబు "ఏమప్పా కరుణాకరం, కండ్లు బాగలేవా?" అని అడిగినాడు. "మా అక్క కండ్లు నాకు పెట్టింది" అన్నాను.

ఒక మాట చెబుతాను, దాన్ని పట్టుకొని నన్ను దెప్పొద్దు. టార్చిలైటు చూసిన దినం అది లేకపోతే బతకలేననిపించింది. నీకు రాసినాను. నీ జవాబు రావడానికి తొమ్మిది దినాలు పట్టింది. జవాబు వచ్చేసరికి ఆ టార్చిలైటు ఎందుకు కావాలనుకున్నానో నాకే జ్ఞాపకం రాలేదు. అప్పుడు నీ మీద ఇంకా కోపం వచ్చింది. ఇన్నేండ్లు నేను కొన్నవన్నీ అట్లనే కొన్నానా అనిపించింది.

పెట్టెలో నూట ఇరవై ఉన్నాయి. విజయమ్మ వారానికోసారి లెక్క పెట్టి మళ్లీ తాళం వేస్తుంది. నన్ను ముట్టుకోనీయదు. నువ్వు నా ఇంట్లోనే ఒక పంతులమ్మను తయారు చేసినావు.

కరుణాకరం

*

గిద్దలూరు
2–11–58

తమ్ముడు కరుణాకరానికి,

ఈ నెల పదిహేను పంపాను. పెట్టెలో రెండువందల పైన చేరాయని విజయమ్మ రాయించింది. మంచిది. మెచ్చుకుంటానని ఎదురుచూడకు. నీ అప్పు నువ్వు కడుతున్నావు, నాకేం దానం చేయడం లేదు.

పదహారో తేదీ ఆదివారం మీ గుడిలో కోత పండగ అని తెలిసింది. ఈ జాబు అందుకే. తొలి సజ్జ కంకుల కట్ట చేలోంచి గుడికి ఇవ్వు. అది దేవుడిది, దానికి నా అనుమతి అక్కర్లేదు. కానీ అయ్యగారు అక్కడ అన్నీ వేలం పెడతారు కదా, ఆ పాటలో నువ్వు నోరు తెరవకు. నాయన ప్రతి ఏడూ మన కట్టను మనమే పాడుకుని తెచ్చి వాకిట చూరుకు కట్టేవాడు, నిజమే. తొలి కట్ట పరాయి చూరుకు వేలాడకూడదని ఆయన పట్టుదల. ఆయన పాడింది ఎనిమిదణాలకు, పన్నెండణాలకు. నువ్వు అట్లా ఆగే మనిషివి కాదు. నలుగురు చూస్తుంటే నీ నోటికి పగ్గం ఉండదు. పోయిన ఏడు ఒక గుమ్మడికాయను ఐదు రూపాయలకు పాడావని నాకు తెలుసు.

ఈ ఏడు కట్ట ఎవరో ఒకరు పాడుకుంటారు. పోతే పోనీ. చేను మిగిలితే వచ్చే ఏడు పాడుకుందువు.

దీనమ్మ

*

పెద్దారవీడు
17–11–58

అక్కకు,

నువ్వు వేరేవాళ్ల నోట వినకముందే నేనే రాస్తున్నాను. నిన్న పాటలో నోరు తెరిచినాను. అరవై రెండు రూపాయలు.

చదవడం ఆపొద్దు. జరిగింది చెబుతాను.

నేను నోరు మూసుకొనే కూర్చున్నాను. విజయమ్మ సాక్షి. కోళ్లు పాడినారు, గుడ్లు పాడినారు, నిమ్మకాయల బుట్ట పాడినారు. నేను పైకప్పు చూస్తా కూర్చున్నాను. మన కట్ట వచ్చింది. అయ్యగారు దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకొని, "కరుణాకరం వాళ్ల చేను, తొలి కట్ట, ఎవరన్నా అర్ధరూపాయి?" అన్నారు. నేను నాలుక కరుచుకొని ఉండినాను. వెనకనుంచి పౌలు లేచి "రూపాయి" అన్నాడు.

పౌలు నీకు తెలుసు. గనిలో నా పక్కనే పలకలు చీలుస్తాడు. వాడి ఇంట్లో రెండు రూపాయలు ఒక్కసారి ఎప్పుడన్నా కనపడినాయా? వాడికి సజ్జ కట్ట ఎందుకు? అప్పుడు తట్టింది. పొద్దున వాకిలి దగ్గర ఆదెయ్య బండి కనపడింది. ఆదెయ్య గుడిలోకి రాడు గదా. ఇప్పటినుంచే మన చేను కట్ట తన చూరుకు కట్టుకోవాలని పౌలు చేతికి డబ్బిచ్చి పంపినాడు. అది తట్టినాక నేనెట్ల కూర్చుంటాను, నువ్వు చెప్పు?

"రెండు" అన్నాను. వాడు నావైపు చూసి తడబడినాడు, మళ్లీ "మూడు" అన్నాడు. పది దాకా గుడి అంతా నవ్వినారు. ఇరవై దాటినాక నవ్వు ఆగిపోయింది. విజయమ్మ ఆడవాళ్లవైపునుంచి "వద్దయ్యా, కూచో" అని కేక వేసింది. నలభై దగ్గర పౌలుకు చెమటలు పట్టినాయి, అయినా వదలడు. "ఏరా, ఎవరి సొమ్మురా ఇది?" అని గుడిలోనే అడిగినాను. "అడగొద్దు మామా, నేను చెప్పగూడదు" అన్నాడు. చెప్పగూడదంట! ఇంకేం కావాలి నాకు? అరవై రెండు దగ్గర వాడు కూర్చున్నాడు. అయ్యగారు మూడోసారి చెప్పి కట్ట నా చేతిలో పెట్టినారు.

కట్ట మన చూరుకు కట్టినాను. గుడిలో పాడినది దేవుడి బాకీ, క్రిస్మస్ లోపల కట్టాలి, మాట వెనక్కు తీసుకోగూడదు. పెట్టెలోనుంచే తియ్యాలి. నువ్వేమన్నా అను.

కరుణాకరం

*

గిద్దలూరు
22–11–58

కరుణాకరానికి,

ఏమనను? ఏమన్నా నీకు ఎక్కుతుందా? ఏడు నెలలు నేను ఒంటిపూట తిని పంపిన డబ్బు. నా చెప్పులు తెగితే దారంతో కుట్టుకుని బడికి పోతున్నాను. మా హెడ్మాస్టరు భార్య నా చెప్పులు చూసి జాలి పడింది. నువ్వు గడ్డికట్టకు అరవై రెండు రూపాయలు పోశావు. నీకు దేవుడి మీద భక్తి కాదు, పాలెం ముందు మీసం తిప్పడం మీద భక్తి. రాసి పంపాను కదా, నోరు తెరవొద్దని? నీకు తెలుగు చదవడం వచ్చా రాదా?

నీవల్ల చేను పోతుంది. రాసిపెట్టుకో.

పౌలు జోలికి మాత్రం వెళ్లకు. అతనితో తగువు పెట్టుకుంటే చేను తిరిగి రాదు. అతని మానాన అతన్ని వదిలెయ్యి.

దీనమ్మ

*

పెద్దారవీడు
1–12–58

దీనమ్మగారికి,

పౌలు జోలికి పోవద్దంటివి. పోయినాను. గనిలో అందరి ముందర వాడి చొక్కా పట్టుకొని గుంజినాను. "ఆదెయ్య నీకెంత ఇచ్చినాడురా?" అని అడిగినాను. పలకలు రెండు దొంతరలు పగిలినాయి. మేస్త్రీ ఇద్దరి కూలీ కోసినాడు. పౌలు చొక్కా చినిగింది. వాడు తిరిగి నన్ను కొట్టలేదు. ఏడుస్తా ఒక్క మాటే అన్నాడు. "నన్నెందుకు కొడతావు మామా, మీ అక్కనే అడుగుపో."

ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చేసినావు? నీ చేత్తో రాయి. అది వచ్చేదాకా ఇంకో మాట నా దగ్గరనుంచి రాదు.

కరుణాకరం

*

గిద్దలూరు
6–12–58

కరుణాకరానికి,

అవును, నేనే.

అక్టోబరులో పౌలు వాళ్ల అత్తగారింటికని గిద్దలూరు వచ్చాడు. నా దగ్గర నీళ్లు తాగి పోయాడు. అతని చేతికి ఐదు రూపాయలిచ్చి మన కట్ట పాడమన్నాను. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నీకు చెబితే మా అక్క నాకే పోటీ వచ్చిందని రెచ్చిపోతావని. నిన్ను పాడొద్దన్నాను కాబట్టి నువ్వు పాడవని అనుకున్నాను. నువ్వు నోరు మూసుకుని ఉంటే అది రూపాయికి మనదయ్యేది. పౌలు దాన్ని మీ చూరుకే కట్టేవాడు.

ఐదు దాటితే ఏం చేయాలక్కా అని పౌలు అడిగాడు. ఎంతైనా సరే వదలొద్దు, నేను పంపుతాను అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. ఆ మాట అనే ముందు నేను ఎవరికీ కార్డు రాయలేదు. నాయన ఆ కట్ట భుజాన వేసుకుని గుడినుంచి నడిచి వచ్చే తీరు జ్ఞాపకం వచ్చింది, నోటినుంచి వచ్చేసింది. అరవై రెండు దగ్గర ఆపింది అతని భయమే తప్ప నా బుద్ధి కాదు.

ఇది రాసినంత మాత్రాన నీ తప్పు తగ్గదు. ముప్పై, నలభై, యాభై అన్నది నీ నోరే. పౌలుకు చొక్కా కొనిపెట్టు. దీనికి అనుమతి ఇస్తున్నాను.

దీనమ్మ

*

పెద్దారవీడు
15–12–58

దీనమ్మగారికి,

అనుమతి ఇస్తున్నావా? నువ్వా?

ఏడు నెలలు గొడుగు అడిగితే గోనెసంచి చూపించినావు. నా పెండ్లానికి గాజులు వద్దన్నావు. నువ్వు మాత్రం ఊరి బయట కూర్చొని, పౌలుతో ఎంతైనా సరే అన్నావు. తమ్ముడికి ఒక మాట రాసి ఉంటే, "పౌలు పాడతాడు, నువ్వు ఊరుకో" అని ఐదు కొత్త పైసల కార్డు రాసి ఉంటే, అరవై రెండు రూపాయలు పెట్టెలో ఉండేవి. నన్ను నమ్మలేదు. ఈ ఇంట్లో నన్ను ఎప్పుడూ ఎవరూ నమ్మలేదు, నాయన కూడా పట్టా నీ చేతికిచ్చి దాయమన్నాడు.

నిన్న గుడి బాకీ కట్టేసినాను. అరవై రెండు తగ్గినాయి. సగం నీది, సగం నాది. నెలనెలా ఇచ్చే పదిహేను కాకుండా ముప్పయ్యొకటి నువ్వు, ముప్పయ్యొకటి నేను. నా ముప్పయ్యొకటి ఎట్ల తెస్తానో నీకు అక్కర్లేదు. నీ ముప్పయ్యొకటి మనియార్డరు చెయ్యి. నువ్వు రావద్దు. నా గడప తొక్కొద్దు. తొక్కితే ఏమంటానో నాకే తెలియదు.

కరుణాకరం

*

పెద్దారవీడు
8–3–59

దీనమ్మగారికి,

సైకిలు అమ్మినాను. ఇరవై రెండు వచ్చినాయి. మిగతాదానికి ఆదివారాలు గనికి పోయినాను. అయ్యగారు మందలించినారు, ప్రభువు దినాన పలకలు కొట్టేవాడు ప్రభురాత్రి భోజనానికి రాకూడదన్నారు. పోవడం మానేసినాను, గనికి కాదు, గుడికి.

ఈ నెల నా పదిహేను, నీ పదిహేను కలిపి పెట్టెలో మూడువందల ఇరవై తొమ్మిది ఉన్నాయి. నీ ముప్పయ్యొకటి రాలేదు. ఆదెయ్య రోజూ గని దారిలో ఎదురుపడుతున్నాడు. "ముప్పయ్యొకటో తేదీ పొద్దుగుంకే లోపల, అంతా ఒక్కసారే. ముక్కలు ముక్కలుగా తీసుకోను నాయనా" అంటున్నాడు. చేను గట్టు మీద నిలబడి బావిలోకి తొంగి చూసి పోతున్నాడంట.

నీ డబ్బు పంపు.

కరుణాకరం

*

గిద్దలూరు
14–3–59

కరుణాకరానికి,

గడువు నాకూ తెలుసు. క్యాలెండరు నా గోడకూ ఉంది. "పంపు" అని అప్పులవాడు అడిగినట్టు అడిగితే నేను భయపడి పరుగెత్తను. తోడబుట్టినదాన్ని అడిగే తీరు ఒకటి ఉంటుంది. అది తెలిసినప్పుడు రాయి.

దీనమ్మ

*

గిద్దలూరు
26–3–59

కరుణాకరానికి,

నువ్వు రాయలేదు. రాయవని తెలుసు. ఈ రోజు సాయంత్రం ముప్పయ్యొక్క రూపాయలు మనియార్డరు కట్టాను. రసీదు నా దగ్గర ఉంది. ఇక నన్ను దబాయించే హక్కు నీకు లేదు.

దీనమ్మ

*

పెద్దారవీడు
2–4–59

అక్కకు,

మనియార్డరు అందింది. నిన్న, బుధవారం, ఏప్రిల్ ఒకటి, పొద్దున పదకొండింటికి.

నీ కార్డు సోమవారం అందింది. మంగళవారం పొద్దుననుంచి వాకిట్లో కూర్చున్నాను. టపావాడు ఆ దినం వచ్చినాడు గానీ నాకేమీ తేలేదు. మార్కాపురం టపా ఆఫీసుకు మనిషిని పంపినాను, ఇంకా రాలేదన్నారు. అయ్యగారి దగ్గరికి పోయినాను. మూడు నెలలుగా గుడి మొహం చూడనివాణ్ణి, సిగ్గు విడిచి పోయినాను. పండగ పాట డబ్బంతా గుడి కప్పుకు రేకులు కొనడానికి పంపేసినారు, ఆయన దగ్గర నాలుగు రూపాయలుంటే ఇచ్చినారు. పౌలు ఇంటి ముందర నుంచి రెండుసార్లు అటూ ఇటూ పోయినాను. వాడు అరుగు మీదనే ఉన్నాడు. పిలవలేకపోయినాను.

మూడువందల ముప్పై మూడు తీసుకొని ఆదెయ్య దగ్గరికి పోయినాను. కాళ్లు పట్టుకున్నాను. నీకు రాయగూడదనుకున్నాను, రాస్తున్నాను. "మిగతా ఇరవై ఏడు రేపు తెచ్చిస్తా మామా, మా అక్క పంపింది, దారిలో ఉంది" అన్నాను. "రేపటి సంగతి కాగితంలో లేదు గదరా అబ్బాయ్" అన్నాడు. డబ్బు తాకలేదు. కోపంగా కూడా మాట్లాడలేదు. నాకు మజ్జిగ ఇప్పించినాడు.

పొద్దు గుంకింది.

కరుణాకరం

*

గిద్దలూరు
6–4–59

తమ్ముడూ,

ముప్పయ్యొక్క రూపాయలు మార్చి పదో తేదీకే నా దగ్గర ఉన్నాయి.

ఇది నేను రాయకపోతే నీకెప్పటికీ తెలియదు. ఇద్దరు పిల్లలకు ఇంటి దగ్గర చదువు చెప్పి కూడబెట్టాను. చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు అక్కా అని ఒక్కసారి రాస్తావని చూశాను. నీ మార్చి కార్డులో దీనమ్మగారికి అని ఉంది. పెట్టెలో దాచి తాళం వేశాను. నీకు బుద్ధి రావాలి అనుకున్నాను. పదహారు రోజులు ఆ డబ్బు నా పెట్టెలో ఉంది, మన చేను కాగితంలో ఉంది.

టపా ఆఫీసు తప్పేమీ లేదు. నేను కట్టింది గురువారం, టపా సంచి పోయిన తరువాత. మర్నాడు మంచి శుక్రవారం. పిల్లలకు సెలవని చెప్పింది నేనే, సిలువ మీద ఏడు మాటలు గుడిలో చదివింది నేనే. ఆదివారం పునరుత్థాన పండగ. వారం మధ్యలో రెండు సెలవులున్నాయని నాకు తట్టలేదు. నలభై ఏళ్లుగా క్రైస్తవురాలిని, ఏ వారమో నాకు తట్టలేదు.

రైలెక్కితే నాలుగు గంటలు. నేనే తెచ్చి నీ చేతిలో పెట్టగలను. స్టేషను దాకా పోయాను కూడా, శనివారం. నా గడప తొక్కొద్దు అని నువ్వు రాసిన జాబు సంచిలోనే ఉంది. మనియార్డరు ఎలాగూ పోతుంది, నేనెందుకు తలవంచుకోవాలని తిరిగి వచ్చాను.

నువ్వు ఆ మాట రాయకుండా ఉండాల్సింది. నేను దాన్ని పట్టుకోకుండా ఉండాల్సింది. నీ మీద కోపం ఇంకా పోలేదు. నా మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఆ డబ్బు నీదే. ఏం కొనుక్కుంటావో కొనుక్కో, నన్ను అడగక్కర్లేదు.

దీనమ్మ

*

పెద్దారవీడు
21–4–59

అక్కకు,

నీ జాబు అందింది. విజయమ్మకు చదివి వినిపించినాను. ఆమె పోయి పొయ్యి ముందర కూర్చుంది. నిన్ను తిట్టాలని మూడుసార్లు కాగితం తీసినాను. పౌలు ఇంటి ముందర రెండుసార్లు పోయి పిలవలేనివాణ్ణి నేను, నిన్నేమని తిట్టేది?

అయ్యగారి నాలుగు రూపాయలు ఆయనకిచ్చేసినాను. మూడువందల అరవై జేబులో పెట్టుకొని పోయిన వారం మార్కాపురం సంతకు పోయినాను. ఒక్కడినే. ఎప్పుడూ అంత డబ్బు నా ఒంటి మీద లేదు. నువ్వు కొనుక్కోమన్నావు, గడువు లేదు, అడిగేవాళ్లు లేరు. ఇత్తడి దుకాణానికి పోయినాను. సాయిబు అన్నీ దించి చూపించినాడు. గొడుగులు చూసినాను. గాజుల దుకాణం ముందర నిలబడినాను. పొద్దుననుంచి మధ్యాహ్నం దాకా సంతంతా తిరిగినానక్కా. ఒక్కటీ కొనబుద్ధి కాలేదు. ఉప్పు కొనడం కూడా మరిచిపోయి వచ్చినాను.

శనివారం ఆదెయ్య మనిషిని పంపినాడు. మన చేలో బావి పూడిక తీయాలంట, దాని మట్టం తెలిసినవాడు కావాలంట. పోనని చెప్పు అనింది విజయమ్మ. పోయినాను. గని పని ఆ వారం లేదు. తాడు పట్టుకొని దిగినాను. అడుగున నీళ్లు మోకాటి దాకా ఉన్నాయి. సాయంత్రం దాకా బురద తట్టలకెత్తినాను. పౌలు పైన తాడు లాగినాడు. నేను పైకి వచ్చేటప్పుడు చెయ్యి ఇచ్చినాడు.

ఆదెయ్య కూలి రూపాయి ఇచ్చినాడు. ఇంటికి తెచ్చి విజయమ్మకిస్తే, ఆమె అలవాటు ప్రకారం పెట్టెలో వేసి తాళం వేసింది. ఇప్పుడు మూడువందల అరవై ఒకటి ఉన్నాయి. దేనికో ఇద్దరికీ తెలియదు.

నీ తమ్ముడు
కరుణాకరం